బెలూన్ల తుపాకీకి కొత్త పిన్నులు: పని డైరీ

ఆదివారం, విప్పడం

మామ దగ్గర రెండు ఎయిర్ రైఫిళ్లున్నాయి. తిరునాళ్లలో బెలూన్లు కట్టిన బోర్డు ముందు పెట్టి, పిల్లల చేత, వాళ్ల నాన్నల చేత కాల్పించే రకం. రెండూ బ్యారెల్‌ని కిందికి వంచి కాక్ చేసేవే, అంటే అలా వంచితే లోపలి స్ప్రింగు నొక్కుకుని కాల్చడానికి సిద్ధమవుతుంది. బోరు, అంటే బ్యారెల్ లోపలి రంధ్రం, 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు. ఒకటి బాగానే ఉంది. రెండోది కాక్ చేసి బ్యారెల్ మూస్తుంటే ఒక్కోసారి దానంతటదే పేలుతోంది. "ఎవరూ ట్రిగ్గర్ ముట్టుకోకుండానే ఠప్పంటాది అల్లుడా. శ్రావణం దగ్గర పడె, చూడు కొంచెం" అని గోనెసంచిలో చుట్టి కర్నూలు కల్లూరులో మా ఇంటికి తెచ్చిచ్చాడు. శ్రావణమాసమంతా ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గర స్టాల్ వేస్తాడు. కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి జనం విరగబడి వచ్చే రోజులవి. ఆలోగా ఇది అయిపోవాలి.

జనం అనుకునేంత చిన్న లోపం కాదు ఇది. బ్యారెల్ మూశాక పేలితే ఒక పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, వృథా, అంతే. బ్యారెల్ వంచి ఉన్నప్పుడు పేలితే మాత్రం లోపలి పెద్ద స్ప్రింగు బలమంతా బ్యారెల్‌ని పైకి కొడుతుంది. పెల్లెట్ పెడుతున్న వేళ్లు దాని నోట్లోనే ఉంటాయి. మామకు ఇంకా ఏమీ కాకపోవడం అదృష్టమే.

ఇలాంటి పని చేస్తున్నానంటే ఎవరో ఒకరు లైసెన్సు సంగతి అడుగుతారు కాబట్టి ముందే రాసేస్తున్నా. 2016 ఆయుధాల నియమాల ప్రకారం బోరు 0.177 దాటకుండా, మూతి దగ్గర శక్తి 20 జూళ్లు దాటకుండా ఉండే ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. అసలు తుపాకీ కథ వేరు. దాన్ని తయారు చేయడానికే కాదు, రిపేరు చేయడానికి కూడా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. అలాంటిది ఎవరైనా తెచ్చిస్తే గోనెసంచి కూడా విప్పకుండా వెనక్కి పంపిస్తాను.

విప్పడం మొదలుపెట్టే ముందు బ్యారెల్ వంచి లోపల పెల్లెట్ లేదని వెలుతురుకి పెట్టి చూశాను. స్ప్రింగు కాక్ అయి లేదని కూడా చూసుకున్నాను. భుజానికి ఆనించే చెక్క భాగాన్ని, అంటే స్టాక్‌ని, పట్టుకునే స్క్రూలు మూడు, ముందు పక్కల రెండు, ట్రిగ్గర్ గార్డ్ దగ్గర ఒకటి. అవి తీస్తే ఇనుప భాగమంతా పైకి వచ్చేస్తుంది. కింద ట్రిగ్గర్ పెట్టె కనిపిస్తుంది. పెట్టె అంటే యూ ఆకారంలో వంచిన మందపాటి రేకు, గొట్టానికి వెల్డింగ్ చేసి ఉంది. అందులో ఉండేవి ఎన్నో కావు: ట్రిగ్గర్, పిస్టన్‌ని (గొట్టంలో పెద్ద స్ప్రింగు ముందుండి గాలిని తోసేదాన్ని) పట్టుకునే సియర్, దాని పక్కల వాషర్లు, ట్రిగ్గర్‌కీ సియర్‌కీ మధ్య ఒక స్ప్రింగు, అడ్డంగా రెండు పిన్నులు. పిస్టన్ వెనక్కి వచ్చినప్పుడు దాని గాడిలో సియర్ కొక్కెం దిగి ఆపుతుంది. ట్రిగ్గర్ లాగితే కొక్కెం జారుతుంది. తుపాకీ మొత్తం ఆ గోరంత అంచు మీద ఆధారపడి ఉంది.

పెట్టెలోవి తీయాలంటే ముందు పెద్ద స్ప్రింగు బయటికి రావాలి. కాక్ చేయకపోయినా అది లోపల నొక్కుకునే ఉంటుంది. వెనక మూత పిన్ను తీస్తే మూతా స్ప్రింగూ కలిసి ఎగురుతాయి. యూట్యూబులో దీన్ని పొట్టకు ఆనించుకుని తీసేవాళ్లు కనిపిస్తారు, వాళ్ల పొట్టలు వాళ్లిష్టం. నేను వడ్రంగి దగ్గర లాంగ్ క్లాంప్ అరువు తెచ్చాను. బ్యారెల్ కొస ఒక వైపు చెక్క ముక్కకి, వెనక మూత ఇంకో వైపు చెక్క ముక్కకి ఆనించి బిగించి, పిన్ను మీద బరువు పోయేదాకా నొక్కి, అప్పుడు పిన్ను తట్టాను. తర్వాత క్లాంప్‌ని అర చుట్టు, అర చుట్టు చొప్పున వదలడం. మూత బెత్తెడు దూరం వచ్చేదాకా స్ప్రింగు తోస్తూనే ఉంది.

అంతా బయటికి వచ్చాక జబ్బు ఏమిటో వెతకాల్సిన పని లేకపోయింది. సియర్ పిన్ను స్థానంలో మేకు ఉంది. తల కోసేసిన మామూలు మేకు. సియర్ స్ప్రింగు స్థానంలో బాల్ పెన్ను స్ప్రింగు. ఇంతకు ముందు ఎవరు రిపేరు చేశారో మామ చెప్పాడు, ఇక్కడ ఆ పేరు అనవసరం.

బుధవారం రాత్రి, కొలతలు

సన్నటి కొలతలు తీసే వెర్నియర్‌తో కూర్చున్నాను. ట్రిగ్గర్ పిన్ను 3.96, అది అసలు పిన్నే, అంటే రెండూ 4 మిల్లీమీటర్ల పిన్నులై ఉండాలి. మేకు 3.4 చిల్లర, మధ్యలో సియర్ ఒరుసుకున్నచోట గాడి పడి ఇంకా సన్నబడింది. మేకు మెత్తటి ఇనుము. దాని మీద రోజూ వందలసార్లు సియర్ తిరిగితే ఇంకేం అవుతుంది. సియర్ రంధ్రం మాత్రం చెక్కుచెదరలేదు, అది గట్టిపరిచిన ఉక్కు. పెట్టె రేకు రంధ్రాలు దెబ్బతిన్నాయి. ఎడమ వైపుది కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేసింది.

ఇక సియర్ కొక్కెం. ఇక్కడ చాలామంది చేయి ఆకురాయి మీదికి పోతుంది, "కొంచెం రాస్తే బాగా పట్టుకుంటుంది కదా" అని. రాయకూడదు. గట్టిదనం పైపొరలోనే ఉంటుంది, ఆ పొర పోతే లోపల మెత్తటి ఇనుమే. దానికి తోడు కోణం ఒక్క డిగ్రీ మారినా పిస్టన్ తోసే బలమే కొక్కేన్ని బయటికి జార్చేస్తుంది. నేను చేసింది ఒక్కటే, భూతద్దం పెట్టి చూడడం. అంచు సరిగ్గానే ఉంది, ఒక మూల మాత్రం ఎక్కువ మెరుస్తోంది.

ఆ మెరుపే అసలు సంగతి చెప్పింది. కొక్కేనికి ఎర్ర స్కెచ్ పెన్ను పూసి, మేకు మళ్లీ దూర్చి, పిస్టన్ కడ్డీని చేత్తో ఆనించి నాలుగైదు సార్లు పట్టించి వదిలాను. రంగు ఒక్క మూలలోనే చెరిగింది. సన్నటి మేకు మీద, గుడ్డు రంధ్రంలో సియర్ పక్కకి వాలుతోంది. వెడల్పంతా పట్టుకోవాల్సింది మూలతో పట్టుకుంటోంది. దాన్ని పైకి తోసి ఉంచాల్సిన స్ప్రింగేమో పెన్నుది. బ్యారెల్ మూసిన కుదుపుకి జారక ఏం చేస్తుంది? కాబట్టి కొక్కెం జోలికి పోనక్కర్లేదు. పిన్ను, దాని రంధ్రం, స్ప్రింగు సరిచేస్తే చాలు.

శనివారం, లేత్ షాపు, బేరింగుల షాపు

రంధ్రాలకు రెండు దారులున్నాయి. పెట్టెనీ సియర్‌నీ కలిపి పెద్ద సైజుకి రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకు సాఫు చేసే పనిముట్టు) వేసి లావు పిన్ను పెట్టడం ఒకటి. గట్టి సియర్‌కు రీమర్ వేయడం రీమర్‌కు శాపం, పైగా బాగున్న భాగాన్ని పాడుచేయడం. రెండోది బుష్. రేకుకు రెండు వైపులా 6 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, అందులో చిన్న ఉక్కు బుష్‌లు, అంటే పొట్టి గొట్టం ముక్కలు, బిగించి, రెండింటినీ కలిపి 4 మిల్లీమీటర్ల రీమర్ ఒకేసారి దూర్చడం. ఒకేసారి అన్నది ముఖ్యం. విడివిడిగా చేస్తే రెండు రంధ్రాలూ ఒకే గీత మీద ఉండవు, మళ్లీ సియర్ వాలుతుంది.

లేత్ షాపు అన్న మొదట నవ్వాడు. "ఏమప్పా, బెలూన్ల తుపాకీకి ఇంత ఇంజనీరింగా?" స్కెచ్ పెన్ను రంగు చూపిస్తే నవ్వు ఆపి డ్రిల్లింగ్ మిషన్ మీద పెట్టాడు. బుష్‌కు అంచు బయటి వైపే ఉంచమన్నాను. లోపలి వైపు పెడితే సియర్ తిరిగే జాగా తగ్గిపోతుంది. బయట పెడితే స్టాక్ లోపల చెక్క అడ్డొస్తుంది నిజమే, కానీ చెక్కను ఉలితో కాస్త గీరొచ్చు. ఆయన వాటిని నొక్కి కూర్చోబెట్టి వెనక వైపు అంచును సన్నగా కొట్టి మడిచాడు కూడా, ఊడి తిరగకుండా.

పిన్ను కోసం బళ్లారి చౌరస్తా వైపు బేరింగుల షాపుకు వెళ్లాను. నీడిల్ బేరింగ్ లోపలి రోలర్లు, సన్నటి ఉక్కు కడ్డీ ముక్కలు, విడిగా దొరుకుతాయి. 4 మిల్లీమీటర్ల రోలర్ అంటే నిజంగానే 4, మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కూడా పెద్ద తేడా ఉండదు. గట్టిపరిచి, అద్దంలా పాలిష్ చేసి, కొసలు గుండ్రంగా ఉంటాయి. తుపాకీ పిన్నుకు ఇంతకన్నా మంచి సరుకు మన ఊళ్లో దొరకదని నా అభిప్రాయం. ధర చాయ్ డబ్బులు. కొందరు డ్రిల్ బిట్టు కాడ కోసి వాడతారు, ఫరవాలేదు గానీ కొస గుండ్రంగా చేసుకోవాలి, కాడ కొలత కూడా నమ్మకంగా ఉండదు.

స్ప్రింగే కష్టమైంది. అసలుది ఎలా ఉండేదో తెలిసే మార్గం లేదు. ట్రిగ్గర్‌లో అది కూర్చునే గుంట వ్యాసం, గుంట అడుగు నుంచి సియర్ దాకా దూరం కొలుచుకుని వెళ్లాను. బండి స్పేర్ల షాపులో అన్ని రకాల స్ప్రింగులూ కలిపి వేసిన డబ్బా ఒకటి ఉంటుంది, అందులో వెతికి మూడు రకాలు తెచ్చాను. ఎంచుకోవడంలో చూసుకోవాల్సింది బలం ఒక్కటే కాదు. సియర్ పూర్తిగా కిందికి దిగినప్పుడు కూడా స్ప్రింగు చుట్ల మధ్య కాస్త సందు మిగలాలి. చుట్లు ఒకదానికొకటి తగిలి గట్టిపడిపోతే అది స్ప్రింగు కాదు, కడ్డీ. అప్పుడు సియర్ పూర్తిగా దిగదు, పిస్టన్ ఒరుసుకుంటూ పోతుంది. మొదటి రకం అక్కడే పోయింది. రెండోది గుంటలో వదులుగా ఆడింది. మూడోది కుదిరింది కానీ పొడుగు ఎక్కువ. ఒక చుట్టు కోసి, కోసిన కొసను ఎర్రగా కాల్చి పక్క చుట్టు మీదికి వాల్చి, రాయి మీద చదును చేశాను. చదును లేకపోతే స్ప్రింగు పక్కకి వంగి గుంట గోడకు రాసుకుంటుంది. కాల్చడం ఆ కొస వరకే, వేడి లోపలి చుట్లకు పాకితే వాటి సత్తువ పోతుంది.

ఆదివారం, బిగించడం

అసలు పని ఇది. చూడ్డానికి రెండు పిన్నులు, ఒక స్ప్రింగు. చేతుల్లోకి తీసుకుంటే ట్రిగ్గర్ ఒక వైపు తంతుంది, సియర్ ఇంకో వైపు తంతుంది, మధ్యలో స్ప్రింగు ఇద్దరినీ తోస్తుంది. పెట్టె రెండు గోడల రంధ్రాలూ, మధ్యలో సియర్ రంధ్రమూ ఒక గీత మీదికి వచ్చిన క్షణంలో పిన్ను దూర్చాలంటే నాలుగు చేతులు కావాలి.

అమెరికాలో ఏఆర్-15 రైఫిల్ కింది భాగం, వాళ్లు లోయర్ రిసీవర్ అంటారు, ఇంట్లో బిగించుకునేవాళ్ల వీడియోలు చాలా ఉంటాయి. అక్కడ ఫెడరల్ చట్టం లెక్కలో ఆ కింది భాగమే తుపాకీ, సీరియల్ నంబరు దాని మీదే ఉంటుంది. మన దగ్గర అది కుదరదు, కుదరాలని కోరిక కూడా లేదు. కానీ ఆ వీడియోల్లో చేతి పనితనం చూసి నేర్చుకోదగినది. ఆ రైఫిల్ ట్రిగ్గర్ పిన్ను, హ్యామర్ పిన్ను 0.154 అంగుళం, మన 4 మిల్లీమీటర్లకు ఒక వెంట్రుక తక్కువ. వాళ్ల తిప్పలూ మన తిప్పలే: ఎగిరిపోయే చిన్న డిటెంట్ (భాగాన్ని కదలకుండా ఆపే పుల్ల), దాని వెనక చీమంత స్ప్రింగు, రంగు గీసుకుపోతుందని పక్కన అంటించుకునే టేపు, రేకు చుట్టి చేసిన రోల్ పిన్నును కొట్టడానికి కొసన చిన్న బుడిపె ఉన్న ప్రత్యేకమైన పంచ్. నాకు బాగా పనికొచ్చింది వాళ్ల డమ్మీ పిన్ను.

డమ్మీ పిన్ను అంటే అసలు పిన్ను లావే ఉండి, పెట్టె లోపలి వెడల్పు కన్నా కాస్త పొట్టిగా ఉండే ముక్క. నేను రెండో రోలర్‌ని గ్రైండర్ మీద కురచ చేశాను, కొసలు మళ్లీ గుండ్రం చేసి. సియర్ రంధ్రంలో గ్రీసు పూసి ముందే బయట దీన్ని దూర్చేస్తే సియర్, దాని వాషర్లు ఒక్క ముద్దగా ఉంటాయి. ఆ ముద్దను పెట్టెలోకి దించి, స్ప్రింగును వేలితో నొక్కి, రంధ్రాలు కలిసినట్టు కనిపించగానే అసలు పిన్నును బయటి నుంచి తోయాలి. అసలుది లోపలికి పోతుంటే డమ్మీ అవతలి వైపు నుంచి బయటికి వస్తుంది. రెండు కొసలూ ఒకదానికొకటి ఆని ఉన్నంతసేపూ ఏదీ జారదు. మధ్యలో సందు వచ్చిందా, వాషరు అందులోకి దిగి కూర్చుంటుంది, మళ్లీ మొదటికే.

సుత్తి సంగతి. ఈ పిన్నుల్లో దేనికీ గట్టి దెబ్బ అవసరం లేదు. ఇత్తడి పంచ్ మీద చిన్న సుత్తితో టక్ టక్‌మని తట్టడమే. కదలకపోతే రంధ్రాలు కలవలేదని అర్థం. ఆపి, పెట్టె కింద టార్చి పెట్టి రంధ్రంలోంచి చూస్తే నెలవంకలాగా ఒక వైపు చీకటి కనిపిస్తుంది. చీకటి ఏ వైపుంటే అటు సియర్‌ను జరపాలి. బలం పెట్టి కొట్టేవాళ్లు రంధ్రం అంచు చెక్కేసి, అంతా అయ్యాక తుపాకీ బాగోలేదంటారు. వైస్‌లో పెట్టేటప్పుడు రెండు వైపులా పాత చెప్పు తోలు ముక్కలు ఆనించాను. గొట్టం పలుచన, ఊరికే సొట్ట పడుతుంది.

ఆ ఊపులోనే బ్యారెల్ మడత దగ్గర తాళం కూడా చూశాను. మూసినప్పుడు బ్యారెల్‌ని పట్టి ఉంచే ఉక్కు గోలీ, దాని వెనక పొట్టి స్ప్రింగు, రెండింటినీ ఆపే సన్న పిన్ను. స్ప్రింగు తుప్పు పట్టింది. దీన్ని తీసేటప్పుడు తుపాకీ ముందు భాగాన్నీ నా రెండు చేతులనూ పెద్ద పారదర్శక ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాను. గోలీ ఎగిరింది, కవరుకు తగిలి అందులోనే పడింది. బట్టల షాపు కవర్లు పారేయకండి. కొత్త స్ప్రింగు వేసి, గోలీకి చుక్క గ్రీసు రాసి, అదే కవరులో బిగించేశాను.

పెద్ద స్ప్రింగుకు మాలిబ్డినం గ్రీసు పలుచగా. పిస్టన్ తోలు వాషరు ఎండిపోకుండా సిలికాన్ ఆయిల్ రెండు చుక్కలు, అంతకు మించి వద్దు. మామూలు నూనె పిస్టన్ ముందు చేరితే ఒత్తిడికి వేడెక్కి డీజిల్ ఇంజనులో మండినట్టు మండుతుంది. తుపాకీ పెద్ద చప్పుడు చేసి పొగ కక్కుతుంది. తిరునాళ్లలో అది చూసి "భలే పవరుందే" అని మురిసిపోయేవాళ్లుంటారు. అది పవరు కాదు, వాషరు కాలుతున్న వాసన.

మళ్లీ క్లాంప్, మూత, పిన్ను. స్టాక్ లోపల బుష్ అంచులు వచ్చేచోట ఉలితో చెక్క గీరాక సరిగ్గా కూర్చుంది. ఇంకో లాభం, స్టాక్ గోడలే పిన్నులకు రెండు వైపులా అడ్డం. రోలర్‌కు గాడి గానీ క్లిప్పు గానీ లేకపోయినా అది ఎక్కడికీ పోదు.

అదే రోజు సాయంత్రం, పరీక్ష

పెరట్లో ఇసుక బస్తాలు రెండు ఒకదాని మీద ఒకటి, వెనక గోడ. కళ్లద్దాలు పెట్టుకున్నాను. పెల్లెట్ లేకుండా కాల్చి చూడడం ఈ రకానికి మంచిది కాదు. ముందు గాలి దిండు లేక పిస్టన్ నేరుగా వెళ్లి గొట్టం కొసను గుద్దుతుంది. అందుకని పరీక్షకు కూడా పెల్లెట్ పెట్టాల్సిందే. కాక్ చేసి పెల్లెట్ పెట్టేటప్పుడు ఒక చేయి బ్యారెల్‌ని వదలకుండా పట్టుకునే ఉంది. ఎంత నమ్మకమున్న తుపాకీకైనా ఆ చేయి తీయను.

బ్యారెల్ మూసి, మూతి బస్తా వైపు పెట్టి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, స్టాక్ మడమను రబ్బరు సుత్తితో తట్టాను. మెల్లగా, తర్వాత కాస్త గట్టిగా, పక్కల నుంచి, పై నుంచి. జారలేదు. ట్రిగ్గర్ లాగితే మొదట కొంచెం ఖాళీ నడక, తర్వాత ఒక గట్టి చోటు, అక్కడ ఠప్. చాలాసార్లు ఇలాగే చేసి, మళ్లీ విప్పి, కొక్కేనికి ఎర్ర రంగు పూసి చూశాను. ఈసారి రంగు వెడల్పంతా చెరిగింది. ఇంత కష్టపడింది ఆ ఎర్రటి గీత చెరగడం కోసమే.

చీకటి పడ్డాక మామ వచ్చి రెండు బెలూన్లు కట్టి కాల్చి చూశాడు. రెండూ పేలాయి. మొహం మాత్రం వెలగలేదు. "ట్రిగ్గరు బరువైంది కదరా. పిల్లోల్లకు వేలు నొప్పి పుడుతుంది. కొంచెం తేలిక చెయ్యి."

"చెయ్యను మామా. ఆ తేలిక మీదే ఇన్నాళ్లూ దానంతటది పేలింది."

"ఆ పక్క స్టాలోనిది ముట్టుకుంటే పేలుతుంది, జనం దానికే పోతారు."

"వాళ్ల వేళ్లు వాళ్లు చూసుకుంటారులే. నీ తుపాకీలో పెల్లెట్ పెట్టేది నువ్వే కదా?"

దానికి ఏమీ అనలేదు. సర్దుబాటు స్క్రూ ఒకటుంది, దానితో మొదటి ఖాళీ నడక కొంచెం తగ్గించి ఇచ్చాను. కొక్కెం పట్టు లోతు తగ్గించకుండా చేయగలిగింది అంతే. వెనక సైటు కూడా సరిచేస్తానంటే వద్దన్నాడు. సైటు ఎందుకు వంకరగా ఉండాలో నన్ను అడగొద్దు, స్టాల్ వ్యాపారం స్టాల్ వాళ్లకే తెలుసు.

రెండో తుపాకీ కూడా ఇక్కడే వదిలి వెళ్లాడు. దాని ట్రిగ్గర్ పెట్టె బాగానే ఉంది గానీ బ్యారెల్ మడత దగ్గర కీలు పక్కలకు ఊగుతోంది. బోల్టు బిగిస్తే బ్యారెల్ వంగడం లేదు, వదిలితే ఊగుతోంది. రెండు వైపులా సందు పూడ్చే పలుచని షిమ్ వాషర్లు పడాలి, 0.2 మిల్లీమీటర్ల మందంతో మొదలుపెట్టి చూడాలి. పాత వాషర్లు ఎడమది, కుడిది ఒకే మందం లేవు. కలిసిపోకుండా వేర్వేరు అగ్గిపెట్టెల్లో వేసి పైన ఎ, కు అని రాసి పెట్టాను.